ఒక్కళ్ళకే చెప్పిన మాట

పొట్టిదాని వాళ్ళమ్మకు అక్షరమ్ముక్క రాదు గానీ, ఎవరి చొక్కా ఎవరిదో కళ్ళకు గంతలు కట్టినా చెప్పేస్తుంది. వాళ్ళది బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే కొట్టు. వీధివైపు గదిలో ఇస్త్రీ బల్ల, దాని వెనక గదిలో నాలుగు సిమెంటు తొట్లు, ఆ వెనక పెరడంతా దండేలు. వచ్చిన ప్రతి బట్టకూ మెడపట్టీ లోపలో, అంచు మడతలోనో రంగుదారంతో రెండు కుట్లు వేసేది ఆవిడ. పేర్లు రాసుకోవడం చేతకాదు కనుక, ఒక్కో దారానికి తనే ఒక్కో పేరు పెట్టుకుంది. ఎర్రదారం గుండీలాయన. ఆయన చొక్కాకు వారం వారం ఓ గుండీ ఊడిపోయి ఉంటుంది, పొట్ట అలాంటిది మరి. నీలం దారం గుడ్డుసొన టీచరు. కుడిచేతి అంచున ఎప్పుడూ పసుప్పచ్చ మరక. ఆకుపచ్చ దారం ముప్ఫై రుమాళ్ళావిడ. ఆవిడకు అన్ని రుమాళ్ళెందుకో ఎవరికీ తెలియదు. "జలుబో ఏడుపో, మనకెందుకు? ఉతికి పంపడం మన పని" అనేది అమ్మ. అంటూనే ఆ రుమాళ్ళను ఒకటికి రెండుసార్లు జాడించేది.

ఇస్త్రీ బల్ల దగ్గర నించుని నాన్న నవ్వేవాడు.

"ఒసే, నువ్వు పెట్టిన పేర్లు వాళ్ళ చెవిన పడ్డాయంటే బట్టలన్నీ మూటగట్టుకుని పోతారే."

"ఎందుకు పడతాయి? నా మాటలకు కాళ్ళొచ్చి గడప దాటతాయా ఏమిటి?"

అదే ఆ ఇంటి కట్టుబాటు. బట్ట చూసి తెలుసుకున్నది బట్టతోపాటే మడతపెట్టేయాలి. సాయంత్రం బడినుంచి రాగానే పొట్టిది తల్లి పక్కన పీట వేసుకుని మూటలు విప్పేది. తల్లి చెబుతూ ఉండేది, పిల్ల వింటూ ఉండేది. పొట్టిది అని పేరేగానీ, పదమూడేళ్ళకే తల్లికన్నా నాలుగు వేళ్ళు ఎత్తుంది. పిల్ల ఎదిగింది, పేరే ఎదగలేదు.

ఇంట్లో ఇంత సందడిగా ఉండే పిల్ల బళ్ళో మాత్రం ముంగిలా కూర్చునేది. క్లాసులో ఇద్దరిద్దరు కూర్చునే బల్లలు. లెక్కకు పిల్లలు బేసి. ఆ మిగిలిపోయిన ఒక్కటీ ఎప్పుడూ పొట్టిదే. ఒంటినిండా సబ్బు వాసన అని "సబ్బుబిళ్ళ" అనేవాళ్ళు. మాసిన వాసనొస్తే వెక్కిరిస్తారని విన్నాం గానీ, శుభ్రంగా ఉన్నందుకు వెక్కిరించడం వాళ్ళ దగ్గరే చూడాలి. రెండేళ్ళపాటు పక్క చోటులో పుస్తకాల సంచీ పెట్టుకుని, దాన్నే మనిషనుకుని కూర్చుంది పిల్ల.

మూడో ఏడు సగంలో ఇంకో బడినుంచి గోరింక వచ్చి చేరింది. గడియారాలు బాగుచేసే ఆయన కూతురు. వసపిట్టలా వాగుతూనే ఉంటుంది గనుక మొదటిరోజే ఆ పేరు పడిపోయింది. క్లాసులో ఖాళీ చోటు ఒక్కటే. గోరింక వచ్చి సంచీని చటుక్కున తీసి కింద పెట్టి, "జరగవే, నీ సంచీకి సీటెందుకు, అదేమన్నా పరీక్ష రాస్తుందా?" అంది.

ఆ ఒక్క మాటకే పొట్టిదాని ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు ఇంటికెళ్ళి మూడుసార్లు చెప్పింది వాళ్ళమ్మకు. "నా పక్కనే కూర్చుందమ్మా. తనే వచ్చి కూర్చుంది."

"వేరే చోటు లేకేమో" అన్నాడు నాన్న. అమ్మ ఆయనకేసి గుడ్లురిమి చూసింది.

కాకపోతే గోరింకకు కబుర్లు కావాలి. ఊరికే పక్కన కూర్చుంటే దానికి తోచదు. మొదట్లో దాని కబుర్లు అదే చెప్పుకుంది. అవి అయిపోయాక, "నువ్వేం చెప్పవేమే? మీ ఇంట్లో నోళ్ళకు కూడా గంజి పెడతారా?" అంది. పొట్టిది వెతుక్కుని చూసింది. తన దగ్గర ఉన్నవి కొట్టులో కబుర్లే. చెప్పకపోతే ఈ పిల్ల లేచిపోయి ఇంకెక్కడన్నా కూర్చుంటుందేమో. అలా ఒకరోజు గుండీలాయన గురించి చెప్పింది. గోరింక పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మర్నాడు గుడ్డుసొన టీచరు. ఆ టీచరు నిజంగానే వాళ్ళకు సైన్సు చెప్పే ఆవిడ. బోర్డు మీద రాయడానికి ఆవిడ కుడిచెయ్యి ఎత్తిన ప్రతిసారీ బల్లకింద ఒకరి కాలు ఒకరు తొక్కుకునేవాళ్ళు. తనకూ నవ్వు పంచుకునే మనిషి దొరికిందని పొట్టిదానికి ఎంత సంబరమో! చిన్న చిన్న కబుర్లే కదా, ఎవరికి నష్టం అనుకుంది. తప్పని తెలుసు. తెలిసే చేసింది. ఆ వయసులో పక్కచోటు ఖాళీగా ఉండటం కన్నా పెద్ద తప్పు లోకంలో ఇంకేదీ కనబడదు.

ఆ క్లాసుకంతా పెద్దదిక్కు కెప్టెన్. బంతాట జట్టుకు నాయకురాలు, ముందు బల్ల మీద కూర్చునే పిల్ల. ఆ పిల్ల జడ ఎడమకు వేసుకుంటే మర్నాటికి పదిమంది జడలు ఎడమకు తిరిగేవి. అప్పట్లో జట్టు మూడు రోజులు పొరుగూరు పోటీలకు వెళ్ళబోతోంది. ఒక చోటు ఖాళీ ఉంది. గోరింక కళ్ళు ఆ చోటు మీద పడ్డాయి. ఆట విడుపులో మైదానం వైపు పరుగెత్తేది. పొట్టిదాని పక్కకు వచ్చేసరికి దిక్కులు చూస్తూ ఉండేది.

ముప్ఫై రుమాళ్ళావిడ గురించి పొట్టిది రెండోసారి మొదలుపెట్టగానే గోరింక ఆవలించింది.

"అబ్బ, ముసలాళ్ళ గోల వినీ వినీ చెవులు తుప్పుపట్టాయే. మనవాళ్ళ గురించి ఏం లేవా?"

"మనవాళ్ళంటే?"

"మన క్లాసు వాళ్ళవి. మీ కొట్టుకు రావా ఏమిటి వాళ్ళ బట్టలు?"

వస్తాయి. తెల్లదారం కెప్టెన్ వాళ్ళింటిదే. వాళ్ళ మూటలో ప్రతివారం ఒక చిన్న దుప్పటి విడిగా, కాగితం సంచిలో చుట్టి వస్తుంది. మొదటిసారి అది విప్పినప్పుడు అమ్మ వాసన చూసి, మళ్ళీ చుట్టేసి, "ఇది వేరే తొట్టిలో వెయ్యి. పాపం, ఎదిగిన పిల్ల. పక్క తడుపుకోవడం దాని చేతిలో లేదు. ఇదిమాత్రం నీకూ నాకూ మధ్యనే, మీ నాన్నక్కూడా వద్దు" అంది. ఒక్క ఆ దుప్పటికే అమ్మ పేరు పెట్టలేదు.

గోరింక లేవబోయింది. మైదానంలో అవతల కెప్టెన్ చెయ్యి ఊపుతోంది, ఎవరికో. పొట్టిది గోరింక గౌను కొస పట్టుకుని లాగింది.

"ఆగవే. ఒకటుంది. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టు."

చెప్పేసింది. చెబుతుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది. గోరింక నవ్వలేదు. పొట్టిదాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నన్ను నమ్మి ఇంత మాట చెప్పావా? నువ్వే నాకు అందరికన్నా దగ్గర" అంది. మూడు రోజులు ఆ చెయ్యి వదల్లేదు. ఆ మూడు రోజులూ పొట్టిదాని కాళ్ళు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

నాలుగో రోజు పొద్దున పొట్టిది క్లాసులోకి వెళ్ళేసరికి పక్కచోటు ఖాళీ. గోరింక ముందు బల్ల మీద ఉంది, కెప్టెన్ పక్కన, ఇద్దరి చోట్లో మూడోదిగా ఇరుక్కుని. జడ ఎడమకు వేసుకుంది. పొట్టిది చూసింది గానీ అది తల తిప్పలేదు. ఒంట్లో బాగాలేక ముందుకెళ్ళిందేమో, బోర్డు కనబడక వెళ్ళిందేమో అని ఆ పిచ్చిపిల్ల సాయంత్రం దాకా సాకులు వెతుక్కుంది, అదీ గోరింక తరఫున.

ఆ సాయంత్రమే కెప్టెన్ వాళ్ళమ్మ స్వయంగా కొట్టుకొచ్చింది. ఎప్పుడూ పనిమనిషితో మూట పంపే మనిషి, గుమ్మంలో నించుని లోపలికి కూడా రాలేదు.

"మా బట్టలు ఇచ్చెయ్యండి. ఉతికినవీ ఉతకనివీ, అన్నీ."

"ఏమైందమ్మా? ఏదన్నా రంగంటుకుందా?" అంది అమ్మ చేతులు తుడుచుకుంటూ.

"రంగు కాదు. మీ కొట్టుకు పంపే మా పిల్ల దుప్పటి గురించి మీ పిల్ల బడంతా చెబుతోందట. మా పిల్ల నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు. మిమ్మల్ని నమ్మాను చూడండి, నాదీ బుద్ధి తక్కువ."

అమ్మ దండేల మీద తడిగా ఉన్నవి కూడా తీసి, పిండి, మడతపెట్టి, మూటకట్టి ఇచ్చింది. నాన్న ఇస్త్రీపెట్టె ఎత్తిపట్టుకుని అలాగే నించుండిపోయాడు. ఆవిడ వెళ్ళాక పొట్టిది పీట మీద కూర్చుని ఉంది. తల్లి వచ్చి కొడుతుందనుకుని ఒళ్ళు బిగబట్టుకుంది. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"ఎవరికి చెప్పావే?"

"ఒక్కళ్ళకేనమ్మా. గోరింకకి. ఒట్టు వేయించుకున్నాను."

"ఒక్కళ్ళకే చెబుతారే తల్లీ ఎవరైనా. తప్పెట కొట్టి పదిమందిని పోగేసి చెబుతారా ఏమిటి?" అంది అమ్మ. "నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది నేనే కదా. పోనీలే" అంది. ఆ పోనీలే అన్న మాట పిల్లకు చెంపదెబ్బకన్నా ఎక్కువ తగిలింది. మర్నాటినుంచి మూటలు విప్పుతున్నప్పుడు అమ్మ కబుర్లు మానేసింది. కోపంతో కాదు, మామూలుగానే మాట్లాడేది: ఆ బుట్ట ఇలా జరుపు, నీళ్ళు పట్టు. అంతే. వెనక గదిలో గుడ్డల చప్పుడు తప్ప ఇంకేం వినబడేది కాదు.

బళ్ళో పొట్టిది రెండు రోజులు గోరింక కోసం కాచుకుంది. చివరికి నీళ్ళ కుళాయి దగ్గర దొరికింది.

"ఎందుకు చెప్పావే?"

"ఏం చెప్పాను? నువ్వు చెబుతున్నావని చెప్పాను. తనకి తెలియాలి కదా. తెలియకపోతే ఇంకా అన్యాయం."

"నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదే!"

"నాకు చెప్పినదానివి ఇంకొకళ్ళకు చెప్పవని నాకేం తెలుసు?" అంది గోరింక మూతి తుడుచుకుంటూ. అంతలోనే ముఖం వెలిగిపోయింది. "జట్టులో చోటిచ్చిందే నాకు! పోటీలకెళ్ళినప్పుడు తన పక్క మంచం నాదే, ఎవరూ చూడకుండా నేను చూసుకుంటానన్నాను. నీకు సంతోషంగా లేదూ?"

నిజంగానే అడిగింది. అదీ విచిత్రం. ఎగతాళికి కాదు, ఎప్పట్లాగే కబురు చెప్పి, ఎదుటిమనిషి నవ్వుతుందేమోనని ఎదురుచూసింది. చెడ్డదై చేసిందనుకుంటే ఏడ్చి ఊరుకోవచ్చు. తన పక్కన అన్నాళ్ళు కూర్చున్న పిల్లకు తను పక్కనున్నట్టే తెలియలేదని అర్థమయ్యాక దేనికని ఏడవడం?

రహస్యం ఒకసారి బయటపడ్డాక గోరింక చేతిలో మాత్రం ఆగుతుందా? జట్టులో చోటు దొరకని పిల్లలు ఉన్నారు, జడలు తిప్పీ తిప్పీ విసిగినవాళ్ళు ఉన్నారు. పోటీలకు వారం ఉందనగా, ఒక పొద్దున కెప్టెన్ కూర్చునే చోట పసిపిల్లల కింద వేసే రబ్బరు గుడ్డ ఒకటి నీటుగా పరిచి ఉంది. క్లాసంతా చూస్తోంది. కెప్టెన్ ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. కాసేపటికి వెనక్కి తిరిగి, తిన్నగా పొట్టిదాని బల్ల దగ్గరికి వచ్చింది.

"నువ్వే కదా ఇది. చెప్పు. నా గురించి నువ్వు చెప్పావా లేదా?"

పొట్టిది గోరింక వైపు చూసింది. ఒక్క మాట చాలు. నాతోనే చెప్పింది, ఇంకెవరితోనూ కాదు, అందరికీ చెప్పింది నేనే అంటే చాలు. గోరింక గొంతు సవరించుకుంది.

"అవును, అందరితోనూ అంటూ తిరుగుతోంది. నేను వద్దని ఎంత చెప్పినా వినలేదు."

అప్పుడు కెప్టెన్ చేతులు చూసింది పొట్టిది. రెండు చేతులూ గౌను పక్కలు పిడికిళ్ళతో పట్టుకుని ఉన్నాయి, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు. వారం వారం కాగితం సంచిలో చుట్టి వచ్చిన ఆ దుప్పటి ఎంత బిగుతుగా చుట్టి ఉండేదో గుర్తొచ్చింది. దాన్ని విప్పి అందరిముందూ పరిచింది తను. ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. నోటికొచ్చిందే అనేసింది.

"చెప్పాను. అబద్ధం చెప్పాను. ఆ దుప్పటి నాది. మా ఇంట్లోది. నాదని చెప్పుకోలేక నీదని చెప్పాను."

తరవాత ముందుగా నవ్వింది ఎవరో తెలుసా? గోరింక. నిజమేమిటో ఆ గదిలో తెలిసినవాళ్ళు ముగ్గురే, ఆ ముగ్గురిలో అదొకటి. ఫక్కున నవ్వి, "అందుకా అంత సబ్బు వాసన!" అంది. ఇక చూడండి, గది పైకప్పు ఎగిరిపోయింది. బల్లలు చరిచారు. ఒకడు ముక్కు మూసుకుని కిటికీ ఎక్కాడు.

పొట్టిది కెప్టెన్ కళ్ళల్లోకే చూస్తోంది. ఆ కళ్ళు ముందు పెద్దవయ్యాయి, తరవాత తడిశాయి. ఈ పిల్లకు అర్థమైంది అనుకుంది పొట్టిది. ఇప్పుడు ఏదో అంటుంది, పోనీ కనీసం నవ్వకుండా ఉంటుంది. కెప్టెన్ చుట్టూ చూసింది. అందరూ నవ్వుతున్నారు. నవ్వని ముఖం తనదొక్కటే అయితే అనుమానం ఎవరి మీదికి వస్తుందో ఆ పిల్లకు తెలుసు. కష్టపడి పెదవులు సాగదీసి, తనూ నవ్వింది. రబ్బరు గుడ్డ రెండు వేళ్ళతో పట్టుకొచ్చి పొట్టిదాని బల్ల మీద పడేసింది.

ఆ తరవాతి రోజుల గురించి వివరం ఎందుకు? పిల్లలు ఎలాంటి పేర్లు పెడతారో అందరం ఎరిగినదే. సబ్బుబిళ్ళ అన్న పేరే ముద్దొచ్చేంత పేర్లు పడ్డాయి. పొట్టిది ఇంట్లో ఏమీ చెప్పలేదు. సంచీ తీసి పక్కన పెట్టుకుని కూర్చునేది, అంతే. గోరింక మాత్రం తోవలో ఎదురైతే ఏమీ జరగనట్టే "ఏమే, తిన్నావా?" అని పలకరించేది. ఒకరోజు పొట్టిది ఆగి, దాని ముఖంలోకి చూసి, జవాబు చెప్పకుండా నడిచి వెళ్ళిపోయింది. "అబ్బో, కళ్ళు నెత్తికెక్కాయి దీనికి!" అంది గోరింక వెనకనుంచి. దానికి నిజంగానే కష్టం వేసినట్టుంది.

పోటీలకు రెండు రోజులుందనగా, సాయంత్రం పూట, అమ్మ లోపల గంజి కాస్తుంటే పెరటి తలుపు ఎవరో వేళ్ళతో తట్టారు. పొట్టిది తీసింది. కెప్టెన్. చేతిలో కాగితం సంచి.

ఇద్దరూ కాసేపు ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు.

"అమ్మ ఇంట్లోనే ఉతికిస్తోంది ఇప్పుడు" అంది కెప్టెన్. "పనావిడ చూసి గొణుగుతోంది. ఇది దాచుకుని తెచ్చాను."

పొట్టిది సంచి అందుకుంది.

"నువ్వు ఆ రోజు... ఎందుకలా చెప్పావు?"

"ముందు చెప్పిన తప్పు నాదే కదా."

కెప్టెన్ తల ఊపింది. ఇంకా ఏదో అనబోతోంది. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఆ క్షణంలో కూడా ఆ పిల్లకు ఒకటే ఆశ: రేపు నీ పక్కన కూర్చుంటాను అంటుందేమోనని. ఇంత జరిగాక, ఇంత పోగొట్టుకున్నాక, ఒక్క చోటు నిండుతుందేమోనని.

"ఎవరికీ చెప్పవుగా?"

"చెప్పను."

"బళ్ళో మాత్రం నాతో మాట్లాడకు. ఏమనుకోకు. మాట్లాడితే వాళ్ళకు తెలిసిపోతుంది." ఆ మాట అనడం తనకూ ఇష్టం లేదు, అయినా అంది.

పొట్టిది గుమ్మాన్ని పట్టుకుని నించుంది. నీకోసం నేను క్లాసంతటి ముందూ తలదించుకున్నానే అని అరవాలనిపించింది. ఈ సంచి వీధిలోకి విసిరెయ్యాలనిపించింది. విసిరితే ఎంత సేపు? కానీ సంచి నోరు ఎంత గట్టిగా చుట్టి ఉందంటే, ఆ ముడతల మీద వేళ్ళ గుర్తులు కూడా కనబడుతున్నాయి.

"రేపు ఇదే వేళకు రా, ఆరిపోతుంది. ఇటునుంచే రా" అంది. "ఇంకో మాట. బళ్ళో నువ్వు నాతో మాట్లాడకపోతే పోయె. నన్ను చూసి నవ్వకు."

కెప్టెన్ ముఖం ఎర్రబడింది. గోడ వారగా వెళ్ళిపోయింది.

పొట్టిది తలుపు వేసి తిరిగేసరికి గంజి గరిటెతో అమ్మ వెనకే ఉంది.

"ఎవరే?"

"ఎవరో. బట్టలిచ్చి వెళ్ళారు."

"ఎవరోనా? పేరు లేదూ?"

"లేదమ్మా."

అమ్మ సంచి వైపు చూసింది, కూతురి ముఖం వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళుగా మూటలు విప్పే మనిషికి ఒక సంచిలో ఏముందో తెలియకపోవడం ఉండదు. లోపలికి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి అంది:

"ముందు చన్నీళ్ళలో వెయ్యి. వేన్నీళ్ళు తగిలితే మరక ఉండిపోతుంది."